మేకు మీది గ్యాస్కెట్

కారు తాడు కట్టుకుని వచ్చింది. ముందు కూరగాయల వ్యాను లాగుతుంటే, వెనక స్టీరింగు పట్టుకుని బావ బిగుసుకుపోయి కూర్చున్నాడు. షెడ్డు గేటు దగ్గర వ్యాను ఆగింది గానీ కారు ఆగలేదు. ఇంజను ఆగిపోయిన బండికి బ్రేకు నిలబడి తొక్కితే తప్ప పట్టదన్న సంగతి ఆయనకి ఆఖర్లో గుర్తొచ్చినట్టుంది. వ్యాను బంపరుని ముద్దు పెట్టుకోబోయి ఆగింది.

మెకానిక్కు అప్పుడు ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. అక్కణ్నుంచి అతనికి కనిపించినవి రెండు టైర్లు, ఒక తాడు. ఎడమ టైరు లోపలి అంచు అరిగిన తీరు చూడగానే అది ఎవరి బండో తెలిసిపోయింది. కాసేపు ఆ జీపు కిందే ఉండిపోతే బాగుండుననిపించింది.

"ఏరా బామ్మర్దీ! బయటికి రా. నీ పనితనం ఊరేగింపుగా వచ్చింది చూద్దువుగాని," అన్నాడు బావ, షెడ్డులో ఉన్న నలుగురికీ వినపడేలా.

మెకానిక్కు పాకుతూ బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"ఏమైంది బావా?"

"నన్నడుగుతావేం? ఎత్తు ఎక్కుతుంటే పొగ కమ్మింది. రేడియేటరు మూత తీస్తే నీళ్లు నా మొహానికి ఎగిరాయి. ఏం వేశావురా అందులో? గ్యాస్కెట్టా, అట్టముక్కా?"

"కొత్తదే వేశాను. నీ ఎదురుగానే ప్యాకెట్టు విప్పాను."

"విప్పావు. వేసిన రోజునించీ లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు టకటకమంటోంది. అడిగితే ఏమన్నావు? 'కొత్తది కదా బావా, కుదురుకోవాలి' అన్నావు. కుదురుకుంది. రోడ్డు మధ్యలో కూలబడి మరీ కుదురుకుంది."

జీపు తాలూకు మనిషి కిసుక్కుమని నవ్వాడు. మెకానిక్కుకి చెవులు కాలాయి. నిజమే, ఆ మాట అతనే అన్నాడు. బోనెట్టెత్తి చూడకుండా, టీ గ్లాసు చేత్తో పట్టుకునే అన్నాడు.

హెడ్ గ్యాస్కెట్ అంటే పెద్ద వింత వస్తువేం కాదు. ఇంజను బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య పడుకునే పల్చటి రేకు. మంట, నీళ్లు, ఆయిలు ఒకదాని గదిలోకి ఒకటి రాకుండా కాపలా కాస్తుంది. అది పోయిందంటే తోడికోడళ్ల వాటాల మధ్య గోడ కూలినట్టే. ఇక ఎవరి గిన్నెలో ఎవరి చెయ్యి ఉంటుందో చెప్పలేం. పాత డీజిలు బండికి అది ఒకసారి పోవడం మామూలే. బాగుచేసి పంపాక నెల తిరక్కముందే మళ్లీ పోవడం మాత్రం చేసినవాడి మొహం మీద ఉమ్మడమే.

ఓనరు తన గదిలోంచి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బావకి కుర్చీ వేయించాడు. మెకానిక్కుని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"బంధువుల బండని చెయ్యి తేలిక చేశావా?"

"అదేం మాటండీ. సొంత అక్క మొగుడు."

"అదే నేనూ అంటున్నా. చూడు, ఇది ఇంకోసారి తాడు కట్టుకుని వస్తే, ఆ తాడుతోనే నిన్నూ పంపించేస్తా. తర్వాత కఠినంగా మాట్లాడానని అనుకోవద్దు."

బావ బాధ వేరు. ఆయన పొద్దున్నా సాయంత్రం ఆస్పత్రి నర్సుల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి దింపుతాడు. ఆ ట్రిప్పులు చూసే మనిషి అప్పటికే ఫోను చేశాడు. సోమవారం పొద్దున బండి ఆస్పత్రి గేటు దగ్గర ఉంటే సరే, లేకపోతే వేరే బండి పెట్టుకుంటానన్నాడు. అలా ఒకసారి పెట్టుకున్న బండిని ఎవరూ తీసెయ్యరు. ఆ సంగతి బావకీ తెలుసు, బావమరిదికీ తెలుసు.

"సోమవారం పొద్దున," అన్నాడు బావ వెళ్తూ. వేలు చూపించలేదు, అరవలేదు. అరిస్తేనే బాగుండేది.

హెడ్డు దించడానికి ఆ సాయంత్రం సరిపోయింది. బోల్టులు ఒక్కొక్కటీ బయటివైపు నుంచి మధ్యకి వదులు చేశాడు. హెడ్డు లేపగానే నీళ్లూ ఆయిలూ కలిసి పాలు కలిపిన టీ రంగులో కారాయి. గ్యాస్కెట్టుని అంచు పట్టుకుని ఒలిచి వెలుతురులో పెట్టి చూశాడు. రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య సన్నటి వంతెన నల్లగా మాడి తెగిపోయి ఉంది. స్టీలు స్కేలు హెడ్డు మీద అడ్డంగా, నిలువుగా, మూలలకీ పెట్టి కింద టార్చి కొట్టాడు. వెలుతురు ఎక్కడా దూరలేదు. హెడ్డు వంగలేదు. మరి తప్పెవరిది?

తప్పు ఎవరిదో అతనికి వెంటనే తెలిసిపోయింది. కోపంలో ఉన్నవాడికి అన్నీ వెంటనే తెలుస్తాయి.

స్పేర్ల కొట్టు ముసలాయన్ని అందరూ 'లోపలుంది' అంటారు. ఏది అడిగినా ఆయన మొదటి మాట అదే. పది అడుగుల కొట్టు, లోపల ఎన్ని ఇంజన్లున్నాయో ఆయనకే తెలియాలి. మర్నాడు కొట్టు తెరిచేసరికి మెకానిక్కు మాడిన గ్యాస్కెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికే ముగ్గురు కొనేవాళ్లు ఉన్నారు. అదీ మంచిదే అనుకున్నాడు.

"ఏం బాబాయ్, ఇదేనా నువ్విచ్చే సరుకు?" అని దాన్ని గల్లాపెట్టె మీద విసిరాడు. రేకు ఖంగుమంది.

ముసలాయన కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "కూర్చో అబ్బాయ్."

"కూర్చోవడానికి రాలేదు. నా పరువు తీశావు. ఇంట్లో నా మొహం చూసేవాడు లేడు. కంపెనీ డబ్బా, లోపల దొంగ సరుకు! ఎన్నాళ్లనించి ఈ వ్యాపారం?"

కొనేవాళ్లలో ఒకడు తన చేతిలో ఉన్న ఫిల్టరుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, మెల్లగా బల్ల మీద పెట్టేసి బయటికి నడిచాడు. ముసలాయన అతను వెళ్లినవైపు చూశాడు. ఆ చూపు మెకానిక్కుకి కనపడింది. ఆపాలనిపించలేదు.

"నువ్వెన్ని గాట్లది అడిగావు?" అన్నాడు ముసలాయన.

"రెండు."

"నేనెన్ని గాట్లది ఇచ్చాను?"

"రెండే. గాట్లు లెక్కపెడితే సరిపోతుందా? సరుకు మంచిదవ్వద్దూ?"

ఈ బండికి గ్యాస్కెట్టు మూడు మందాల్లో వస్తుంది. ఏది ఎంత మందమో చేత్తో పట్టుకుంటే తెలియదు. అందుకని అంచున చిన్న గాట్లు పెడతారు. ఒక గాటుంటే పల్చటిది, రెండైతే మధ్యరకం, మూడైతే మందం. ముసలాయన మాడిన రేకుని చూపుడువేలితో తడిమాడు. సిలిండరు కన్నాల అంచుల దగ్గర ఆగి, గోటితో గీరాడు.

"ఇది సరుకు బాగోక పోయింది కాదు అబ్బాయ్. దీన్ని ఏదో నలిపింది."

"నన్నెవరూ నలపనక్కర్లేదు, నువ్వు చాలు!" అని మెకానిక్కు బయటికొచ్చేశాడు. మాట కుదిరిందో లేదో చూసుకోలేదు. షెడ్డుకొచ్చి ఓనరుకి చెబితే, ఓనరు అక్కడికక్కడే ఆ కొట్టుకి ఫోను చేసి, ఇవాళ్టి నుంచి మీ దగ్గర మేకు కూడా కొనం అనేశాడు. ఓనరుకి హాయిగా ఉంది. తప్పు షెడ్డు గడప దాటి పోయింది కదా.

మెకానిక్కుకి కూడా హాయిగా ఉండాలి. అయితే మధ్యాహ్నం పిస్టన్ల మీది మసి తుడుస్తుంటే, మసి కింద ఒక మెరుపు తగిలింది. గుడ్డకి డీజిలు అద్ది మళ్లీ రుద్దాడు. ప్రతి పిస్టను నెత్తినా ఒక పక్కగా, గోరంత చంద్రవంక. పాలిష్ పట్టినట్టు మెరుస్తోంది. హెడ్డు తిరగేసి చూశాడు. అక్కడా అవే వంకలు, సరిగ్గా ఎదురెదురుగా. పిస్టను పైకొచ్చినప్పుడల్లా హెడ్డుకి తగులుతోందన్నమాట. తలుపు కొట్టినట్టు టకటక అదే.

డీజిలు ఇంజన్లో పిస్టను పూర్తిగా పైకొస్తే బ్లాకు అంచు దాటి వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఎంత లేస్తుందో కొలిచి, దానికి తగ్గ మందం వెయ్యాలి. కొలవడానికి డయల్ గేజి కావాలి. షెడ్డుకి ఒకటుంది. ఓనరు బీరువాలో, ముఖమల్ గుడ్డలో, తాళం వెనక.

"గేజి ఒకసారి ఇస్తారా?"

ఓనరు పేపరు దించలేదు. "ఎందుకు?"

"పిస్టన్లు తగులుతున్నట్టున్నాయి. కొలుస్తాను."

"మా నాయన ఈ షెడ్డు నడిపాడు. ఆయన కొలిచాడా? పాతది చూసి కొత్తది వేశాడు. మేకు మీద పాతది ఉంది కదా, గాట్లు లెక్కపెట్టుకో. ఆ గేజి కిందపడితే ముల్లు పోతుంది."

"నేనెందుకు కిందపడేస్తాను?"

"ఎవడూ పడేద్దామని పడెయ్యడు." పేపరు తిప్పాడు.

మెకానిక్కు పళ్లు నూరుకుంటూ గోడ దగ్గరికి నడిచాడు. ఆ మేకు ఆ షెడ్డంత వయసుది. విప్పిన ఇంజను తాలూకు పాత గ్యాస్కెట్టు దానికి తగిలించడం, కొత్తది తెచ్చాక రెండూ పక్కపక్కన పట్టుకుని చూడడం అక్కడి పద్ధతి. వెనకవి ఎవరూ తియ్యరు. ముందున్నదే నడుస్తున్న పని. ముందున్నదాన్ని తీసి చూశాడు. అదే ఆకారం, అవే కన్నాలు, రెండు గాట్లు. కిందటిసారి దీన్ని చూసే వేశాడు. తేడా ఏముంది? ఇంకేం చెయ్యాలి? ఎవరికి చెప్పాలి? రేకుని మేకుకి తగిలించేటప్పుడు అంచు బొటనవేలిలో దిగింది. ఆ రోజుకి అదొక్కటే తక్కువ.

శనివారం అక్క ఫోను చేసింది. బావ ఉదయం నుంచీ నోట్లో ముద్ద పెట్టలేదట.

"ఒకసారి వచ్చి వెళ్లరా. మీ ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకపోతే మధ్యలో నేనెందుకు చావాలి?"

వెళ్లేసరికి బావ హాల్లో టీవీ చూస్తున్నాడు. టీవీకి శబ్దం లేదు. బావమరిదిని చూసి కాళ్లు కూడా తియ్యలేదు.

"బండి అయిందా?"

"అవుతుంది."

"అవుతుందా, కుదురుకుంటుందా?"

"చూడు బావా, నేను కావాలని చేసినట్టు మాట్లాడకు. స్పేర్లాయన దొంగ సరుకు ఇచ్చాడు."

"ఎప్పుడూ ఎవడో ఒకడు నీకు దొంగ సరుకు ఇస్తూనే ఉంటాడురా. నీ చేతిలో మాత్రం అంతా బంగారం."

మెకానిక్కు ఒంటికాలి మీద లేచాడు. వచ్చే మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి గానీ, "వంటింట్లోకి రా," అని అక్క చెయ్యి పట్టి లాక్కుపోయింది. స్టూలు వేసి కూర్చోబెట్టి, గిన్నెలో ఏదో కలపడానికి పొయ్యి పక్కన గోడకి చెయ్యి చాపి గరిటె తీసింది.

అతను గరిటెని చూడలేదు. గరిటె వేలాడిన దాన్ని చూశాడు.

గోడకి అడ్డంగా ఒక రేకు. నాలుగు పెద్ద గుండ్రటి కన్నాలు, చుట్టూ బోలెడు చిన్న కన్నాలు. చిన్న కన్నాల్లో తీగ వంచి కొక్కేలు చేసి గరిటెలు, అట్లకాడ, జల్లెడ, పొడుగు చెంచాలు తగిలించి ఉన్నాయి. పీచు పెట్టి తోమీ తోమీ అక్క దాన్ని కంచంలా మెరిపించింది.

"ఇదెక్కడిదే?"

"ఏది? గరిటెల స్టాండా? మీ బావ తెచ్చాడు. మొదటిసారి బండి విప్పావు చూడు, అప్పుడు. బాగుంది కదూ? పక్కింటావిడ ఎక్కడ కొన్నావని అడిగింది."

మెకానిక్కు లేచి, గరిటెల్ని ఒకవైపు జరిపి, రేకు అంచు వెంట వేలు నడిపించాడు. ఒక గాటు. రెండు. ఇంకొంచెం జరిగితే అక్కడ మూడోది.

మూడు గాట్లు.

హాల్లోకి పరిగెత్తినంత పని చేశాడు. "బావా! ఆ పాత గ్యాస్కెట్టు నువ్వెప్పుడు తీసుకొచ్చావు?"

"నువ్వు టీకి వెళ్లినప్పుడు. మేకుకి ఉంటే తీసుకున్నా. ఏం, తప్పా? నా బండి పాత సామాను నాది. మీరు మార్చామని చెప్పి మార్చరు. పాతది చేతికొస్తేగాని నేను నమ్మను. అది నీకూ తెలుసు."

తెలుసు. బావ ఎప్పుడూ అంతే. తీసేసిన పైపులు, అరిగిన ప్యాడ్లు, ఆఖరికి తుప్పుపట్టిన క్లిప్పులు కూడా సంచిలో వేసుకుని పోతాడు. షెడ్డులో అందరూ నవ్వుకుంటారు. ఆ రోజు కూడా వేసుకుపోయాడు. మెకానిక్కు టీ తాగి వచ్చి మేకు మీద ముందున్నదాన్ని అందుకున్నాడు. అదే మోడలు, వేరే ఎవరి బండిదో.

ఒక్క క్షణం అతనికి ఎంత సుఖంగా అనిపించిందో చెప్పలేం. "అయితే చేసిందంతా నువ్వే బావా! నీ అనుమానమే నీ బండిని తినేసింది. దాన్ని అక్కడే ఉంచి ఉంటే..."

గుమ్మంలో అక్క గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "ఆయన తెచ్చాడు, సరే. మరి నువ్వు దేన్ని చూసి వేశావురా?"

"మేకు మీదున్నదాన్ని."

"అది ఈయన బండిదేనా అని చూశావా?"

మెకానిక్కు చూడలేదు. చూసుంటే తెలిసేదే. ఆ రోజు విప్పింది తడిగా ఉండాలి, నూనె కారుతుండాలి. మేకు మీదిది పొడిగా ఉంది. చేతికి మసి రాలింది గానీ తడి అంటలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొడితనం వేళ్లకి ఇప్పటికీ తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. ఇంకెవరినో తిట్టుకుంటూ ఉండి ఉంటాడు.

వంటింట్లోకి వెళ్లి గరిటెలు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పేర్చాడు. మేకుల నుంచి రేకు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది మళ్లీ తెచ్చిస్తావా?" అంది అక్క.

"తెస్తాను."

"వాడి మాటలు నమ్మకు," అన్నాడు బావ టీవీ వైపు చూస్తూనే.

స్పేర్ల కొట్లో ఆ పూట ఎవరూ లేరు. ముసలాయన గల్లాపెట్టె వెనక చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఓనరు ఫోను సంగతి ఈపాటికి వీధంతా తెలిసే ఉంటుంది. మెకానిక్కు రేకుని ఈసారి విసరలేదు. రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

"మూడు గాట్లది కావాలి బాబాయ్."

ముసలాయన రేకుని చూశాడు, కొక్కేల తీగలు చూశాడు, వాసన కూడా చూశాడు. "పోపు వాసనొస్తోందేంటి?"

"అదో పెద్ద కథ. మొన్న నేనన్న మాటలు... సరుకు మంచిదే. నేనే వేరే బండి గ్యాస్కెట్టు చూసి అడిగాను."

"మొన్న ముగ్గురి ముందు అన్నావు. ఇప్పుడు ఎవరూ లేరు."

మెకానిక్కు రేకుని ముసలాయన వైపు కొంచెం జరిపాడు.

"మూడు గాట్లది ఉందా?"

"లోపలుంది. ఇంతకీ కొలిచావా, చూసొచ్చావా?"

"చూసే. ఇది ఈ బండిదే, మా అక్క వంటింట్లో దొరికింది."

"మొన్న మేకు మీద చూశావు. ఇవాళ వంటింట్లో చూశావు. దీన్ని వేసినవాడు మాత్రం కొలిచి వేశాడని నీకు ఎవరు చెప్పారు? వాడూ ఏదో ఒక మేకు దగ్గరికే వెళ్లి ఉంటే?" కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "కొలత పట్రా. గాట్లు నేను చెబుతా. అప్పటిదాకా ఇవ్వను. నీకు మళ్లీ దొంగ సరుకు ఇచ్చానన్న పేరు నాకొద్దు."

బయట ఎండలో నిలబడి మెకానిక్కు కాసేపు ముసలాయన్ని తిట్టుకున్నాడు, తర్వాత బావని, తర్వాత ఓనరుని. తిట్టాల్సినవాళ్లు అయిపోయాక షెడ్డుకి నడిచాడు.

ఆదివారం సగం రోజే షెడ్డు తెరుస్తారు గాని, జనం ఆ సగంలోనే వస్తారు. ఓనరు గది ముందు ఐదారుగురు నిలబడి ఉన్నారు.

"బీరువా తాళం ఇవ్వండి."

"నీకు మొన్నే చెప్పాను."

"గేజి కావాలి. మా బావ బండికి నేను తప్పు గ్యాస్కెట్టు వేశాను." అతని గొంతు సహజంగానే పెద్దది, తగ్గించుకోలేదు. "స్పేర్లాయన తప్పు లేదు. మన మేకు మీదున్నది ఆ బండిది కాదు. చూసుకోకుండా వేసింది నేను."

మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగారు. ఒకాయన తన బండి వైపు తిరిగి చూసుకున్నాడు.

"మెల్లగా, మెల్లగా," అన్నాడు ఓనరు పళ్ల మధ్య నుంచి. "తప్పు ఒప్పుకోవడం అంత సరదాగా ఉంటే ఇంటికెళ్లి ఒప్పుకో. కస్టమర్ల ముందు షెడ్డు పేరెందుకు?" అని, ఇంకో మాట వినపడక ముందే తాళంచెవి చేతిలో పెట్టాడు.

గుడ్డ విప్పితే గేజి కొత్త గడియారంలా ఉంది. బ్లాకు అంచు మీద నిలబెట్టి ముల్లుని సున్నాకి తెచ్చాడు. గేజి మొనని మొదటి పిస్టను మీదికి జరిపి, పానాతో ఇంజనుని మెల్లగా తిప్పాడు. పిస్టను లేస్తుంటే ముల్లు కదిలింది. కదిలి, తడబడి, ఒకచోట ఆగి, వెనక్కి మళ్లబోయింది. ఆగినచోటుని పెన్నుతో అరచేతిలో రాసుకున్నాడు. రెండో పిస్టను. మూడోది. నాలుగోదాన్ని రెండుసార్లు చూశాడు. చిన్నప్పుడు చదువు మానేసినవాడికి అంకెలంటే కొంచెం బెరుకు. చేతిలో రాసుకుంటే మాత్రం అవి తనవే అనిపిస్తాయి.

ముసలాయన ఆ అరచేతిని పట్టుకుని, కళ్లజోడు ముందుకీ వెనక్కీ జరుపుకుని, క్యాటలాగులో పేజీలు తిప్పాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి ఒక ప్యాకెట్టూ, కొత్త హెడ్డు బోల్టులూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మూడే. మీ అక్క గరిటెలు సరైనదానికే తగిలించింది."

ఆ మధ్యాహ్నం కొత్త రేకు పరిచి, దాని మీద హెడ్డు కూర్చోబెట్టి, బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, వరస తప్పకుండా, విడతలుగా బిగించాడు. చివరి విడతకి భుజం పట్టేసింది. సాయంత్రానికి బావ వచ్చి, బోనెట్టు పక్కన నిలబడ్డాడు. మెకానిక్కు తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. ఇద్దరూ తలలు వంచి విన్నారు. డీజిలు ఇంజను మామూలుగా చేసే రొద ఉంది. దాని వెనక తలుపు కొట్టేవాడు లేడు. బావ రేడియేటరు వైపు చూశాడు, పొగగొట్టం వైపు చూశాడు, చెయ్యి కూడా పెట్టి చూశాడు.

"రేపు పొద్దున చూద్దాం," అన్నాడు. ఆయన నోటికి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు రాదు.

ఓనరు వచ్చి గేజిని గుడ్డలో చుట్టుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. స్పేర్ల కొట్టుకి ఎప్పుడు ఫోను చేస్తారని అడిగితే, "చూద్దాంలే" అన్నాడు. తిరిగి వస్తూ బెంచీ మీదున్న మాడిన రెండు గాట్లదాన్ని తీసి దులిపాడు. "ఇదే మోడలు ఇంకోటి రేపు రానుంది. చూసుకోవడానికి పనికొస్తుంది," అంటూ గోడ వైపు చూడకుండానే, చూడాల్సిన అవసరం లేదు కనక, అలవాటుగా చెయ్యెత్తి తగిలించాడు.

రేకు ఖంగుమని కిందపడింది.

ఓనరు తలెత్తాడు. గోడకి ఒక చిల్లు ఉంది, చిల్లు చుట్టూ రాలిన సున్నం. పాత గ్యాస్కెట్లన్నీ చెత్త డ్రమ్ములో నిలబడి ఉన్నాయి. మేకు లేదు. ఓనరు మెకానిక్కుని చూశాడు. మెకానిక్కు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చొక్కా జేబు కిందికి లాగుతోంది, అందులో బరువైనదేదో ఉన్నట్టు.

ఎవరూ మాట్లాడకముందే బావ వంగి, కిందపడ్డ రేకుని తీసి దుమ్ము ఊదాడు.

"ఇది నాదే కదా," అన్నాడు. "పాత సామాను."

డిక్కీ తెరిచి అందులో పెట్టుకున్నాడు.